సూక్ష్మదర్శిని కింద నల్లగొండ దుమ్ము: రిపోర్టులో ఏం ఉంటుంది, ఏం ఉండదు

పాత నల్లగొండ జిల్లాలో దామరచర్ల, మిర్యాలగూడ, మేళ్లచెరువు, మఠంపల్లి వైపు వెళ్లి నాలుగు మాటలు మాట్లాడితే ఐదో మాట దుమ్ము గురించే వస్తుంది. బత్తాయి ఆకుల మీద తెల్లటి పొర, పత్తి మీద బూడిద, తెల్లారి లేచేసరికి బండి సీటు మీద నల్లటి పొడి. ఇది సిమెంటు ఫ్యాక్టరీదా, కంకర క్రషర్‌దా, రైస్ మిల్లు ఊక బూడిదా, పవర్ ప్లాంటు బూడిదా, లేక రోడ్డు మీద లారీలు లేపే దుబ్బేనా అన్నది తేలదు. అప్పుడు ఎవరో ఒకరు కొంచెం పొడి కాగితంలో కట్టి ల్యాబ్‌కు పంపుతారు, వారం పది రోజులకు రంగురంగుల గీతలతో ఒక రిపోర్టు వస్తుంది, అందులో అల్యూమినియం, సిలికాన్, కాల్షియం, ఇనుము అని పేర్లు, పక్కన శాతాలు ఉంటాయి, అది వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. ఒకరు అందులో విషం చూస్తారు, ఇంకొకరు "ఇది మామూలు మట్టే" అంటారు. ఇద్దరి చేతిలోనూ ఉన్నది అదే కాగితం.

నల్లగొండకు ఇది పక్కవాళ్ల సమస్య కాదు. 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ శుద్ధ గాలి కార్యక్రమంలో, గాలి నాణ్యత ప్రమాణాలు అందుకోని పట్టణాల జాబితాలో తెలంగాణ నుంచి హైదరాబాద్, పటాన్‌చెరుతో పాటు నల్లగొండ పేరు కూడా ఉంది. కాబట్టి గాలిలో ఏముందో తెలుసుకోవాలని జనం అనుకోవడం న్యాయమే. ఆ పరీక్ష ఏం చేస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నదే ఈ వ్యాసం.

ఆ యంత్రం అసలు చూసేది ఏమిటి

మామూలు సూక్ష్మదర్శినిలో వెలుగుతో చూస్తాం. వెలుగుతో అర మైక్రాన్ కన్నా చిన్న వాటి రూపం సరిగ్గా తెలియదు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. పీఎం 2.5 అంటే రెండున్నర మైక్రాన్లు, అంతకన్నా చిన్న రేణువులు, అవే ఊపిరితిత్తుల లోపలి దాకా వెళ్లేవి. అందుకే ఇక్కడ వెలుగు బదులు ఎలక్ట్రాన్ల పుంజం వాడతారు, దాన్ని స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ అంటారు, ఎస్‌ఈఎం అని పిలుస్తారు.

దానికి ఇంకో పరికరం తగిలిస్తారు, పేరు ఈడీఎక్స్. ఎలక్ట్రాన్లు రేణువును తాకగానే అందులోని పరమాణువులు ఎక్స్‌రేలు విడుదల చేస్తాయి, ఒక్కో మూలకం విడుదల చేసే ఎక్స్‌రేకు దాని సొంత శక్తి ఉంటుంది. సిలికాన్‌ది 1.74 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, కాల్షియంది 3.69, ఇనుముది 6.40. డిటెక్టర్ ఈ శక్తులను లెక్కపెట్టి ఒక గ్రాఫ్ గీస్తుంది. రిపోర్టులో కనిపించే శిఖరాలు అవే. అంటే ఒక రేణువు బొమ్మ, ఆ రేణువులో ఏయే మూలకాలు ఉన్నాయన్న సమాచారం, రెండూ ఒకేసారి దొరుకుతాయి, ఇది చిన్న విషయం కాదు. థర్మల్ ప్లాంటులో బొగ్గు మండినప్పుడు అందులోని మట్టి ఖనిజాలు కరిగి, గాలిలోనే చల్లబడి గుండ్రటి గోళీల్లా గట్టిపడతాయి. నేల దుమ్ము, క్రషర్ దుమ్ము అలా ఉండవు, పగిలిన అంచులతో ఉంటాయి. కాబట్టి అల్యూమినియం, సిలికాన్ ఉన్న గుండ్రటి రేణువు కనబడితే, అది బాగా ఎక్కువ వేడిలో కరిగి వచ్చిందని గట్టిగా చెప్పొచ్చు.

అయితే అది ఎవరి చిమ్నీ నుంచి వచ్చిందో అదే గట్టితనంతో చెప్పలేం. బొగ్గు వాడే ఇటుక బట్టీ, బొగ్గు వాడే సిమెంటు కిల్న్ (రాయి కాల్చే కొలిమి), పవర్ ప్లాంటు, ఇవన్నీ గుండ్రటి రేణువులు ఇవ్వగలవు. వెల్డింగ్ పొగలో కూడా గుండ్రటి రేణువులు ఉంటాయి, కాకపోతే వాటిలో ఇనుము ఎక్కువ.

మూలకం తెలిసినంత మాత్రాన పదార్థం తెలియదు

జనం ఎక్కువగా తడబడేది ఇక్కడే, అందుకే ఇక్కడ కొంచెం ఆగుదాం.

ఈడీఎక్స్ "కాల్షియం ఉంది" అంటుంది. సున్నపురాయి కాల్షియమే, కాల్చిన సున్నం కాల్షియమే, కిల్న్‌లో కాలి వచ్చే సిమెంటు క్లింకర్‌లో ఎక్కువ భాగం కాల్షియమే, జిప్సం కాల్షియమే. ఆకు మీద పడితే వీటి ప్రభావం ఒకటి కాదు. సున్నపురాయి పొడి మెతక, కాల్చిన సున్నం తడి తగిలితే ఘాటు క్షారం. జిప్సంను కొంతవరకు గుర్తుపట్టొచ్చు, కాల్షియంతో పాటు గంధకం శిఖరం వస్తుంది. క్లింకర్‌లో కాల్షియంతో పాటు సిలికాన్ వస్తుంది, అయితే సున్నపురాయి రేణువుకు కొంచెం మట్టి అంటుకున్నా అదే కనిపిస్తుంది. ఇక సున్నపురాయికీ కాల్చిన సున్నానికీ ఉన్న తేడా కార్బన్, ఆక్సిజన్‌లలోనే ఉంది. ఆ కార్బన్‌ను చూసి తేల్చుదామంటే, రేణువులు అంటించే టేపులో కార్బన్, విద్యుత్తు పేరుకోకుండా పైన వేసే పూతలో కార్బన్, వాటిని పట్టిన పాలీకార్బొనేట్ ఫిల్టర్‌లో కూడా కార్బనే. చూసే చోటంతా కార్బన్ ఉన్నప్పుడు రేణువులో ఉన్నది ఎంతో విడదీయడం చాలా కష్టం.

దీనికన్నా ముఖ్యమైన ఉదాహరణ మిర్యాలగూడది. అక్కడి రైస్ మిల్లుల్లో వడ్లు ఉడికించడానికి బాయిలర్లలో ఊక మండిస్తారు. ఆ ఊక బూడిదలో 85 నుంచి 95 శాతం దాకా సిలికా ఉంటుంది. అటు క్రషర్లలో పలుగురాయి, గ్రానైట్ పగిలినప్పుడు వచ్చే దుమ్ములో కూడా సిలికా ఉంటుంది. ఈడీఎక్స్‌కు రెండూ సిలికాన్, ఆక్సిజన్, అంతే. ఊపిరితిత్తులకు మాత్రం రెండూ ఒకటి కావు. రాయిలో ఉన్నది స్ఫటిక రూపంలోని సిలికా, అంటే పరమాణువులు వరుసగా అమరినది, ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు తెస్తుంది, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో పెట్టింది. ఊకను తక్కువ వేడిలో కాలిస్తే వచ్చే సిలికా గాజులాంటిది, దానికి ఆ అమరిక లేదు, ఆ జాబితాలో అది ఆ వర్గంలో లేదు. అదే ఊకను బాగా ఎక్కువ వేడిలో ఎక్కువ సేపు కాలిస్తే అందులో కొంత క్రిస్టోబలైట్ అనే స్ఫటిక రూపంగా మారుతుంది, అది మళ్లీ ప్రమాదకరమే. అంటే ఒకే మిల్లు బూడిద బాయిలర్ వేడిని బట్టి రెండు రకాలుగా ఉండొచ్చు, రెండింటికీ ఈడీఎక్స్ గ్రాఫ్ మాత్రం ఒకేలా వస్తుంది. దీన్ని తేల్చాలంటే పరమాణువుల అమరికను పట్టే పరీక్షలు, అంటే ఎక్స్‌రే డిఫ్రాక్షన్ కావాలి, లేదా రామన్ స్పెక్ట్రోస్కోపీ కావాలి. "సిలికా ఉంది" అన్న ఒక్క వాక్యం చూసి మిల్లును తిట్టడం గానీ వదిలేయడం గానీ రెండూ తొందరే.

క్రోమియం కూడా ఇంతే. అందులో ఆరు వేలెన్సీ రూపం క్యాన్సర్ కారకం, మూడు వేలెన్సీ రూపం అంత ప్రమాదకరం కాదు. ఈడీఎక్స్ రెండింటినీ క్రోమియం అనే రాస్తుంది.

ఫ్లోరైడ్, యురేనియం, సీసం: శిఖరాలు ఒకదాని మీద ఒకటి పడితే

ఈ జిల్లాలో ఫ్లోరైడ్ అన్న మాట వింటేనే మనుషులు ఉలిక్కిపడతారు, దానికి కారణం ఉంది. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన వాళ్లను చూసిన ప్రాంతం ఇది, నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే ఒక పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరే ఉంది. అలాంటి చోట గాలి దుమ్ము రిపోర్టులో "ఫ్లోరిన్" అని కనిపిస్తే భయం ఎంత వేగంగా పాకుతుందో వేరే చెప్పక్కర్లేదు.

దుమ్ములో ఫ్లోరిన్ ఉండకూడదని ఏమీ లేదు, ఇక్కడి రాళ్లలోనే ఉంది కాబట్టి కొంచెం ఉంటుంది. కానీ రిపోర్టులో కనబడ్డ ఫ్లోరిన్‌కు ఇంకో రెండు కారణాలు ఉండొచ్చు. మొదటిది ఫిల్టర్. పీఎం 2.5 పట్టడానికి చాలా చోట్ల టెఫ్లాన్ ఫిల్టర్ వాడతారు, టెఫ్లాన్ అంటేనే కార్బన్, ఫ్లోరిన్. ఎలక్ట్రాన్ పుంజం ఒక మైక్రాన్ రేణువును దాటుకుని కింద ఉన్న ఫిల్టర్‌ను కూడా తాకుతుంది, ఎందుకంటే మామూలుగా వాడే 15, 20 కిలోవోల్టుల దగ్గర ఆ ఎలక్ట్రాన్లు ఒకటి నుంచి మూడు మైక్రాన్ల లోతు దాకా దిగుతాయి. అప్పుడు ఫిల్టర్‌లోని ఫ్లోరిన్ రేణువు ఖాతాలో పడుతుంది.

రెండోది ఎర్ర మట్టి. ఫ్లోరిన్ శిఖరం 0.68 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర వస్తుంది, ఇనుముకు 6.40 దగ్గర ఉన్న పెద్ద శిఖరం కాక 0.70 దగ్గర ఇంకో చిన్న శిఖరం ఉంది. రెండింటి మధ్య తేడా 0.03 కూడా లేదు, మామూలు ఈడీఎక్స్ డిటెక్టర్ ఇంత దగ్గరి వాటిని విడదీయలేదు, ఒకటే మిట్టలా చూపిస్తుంది. పాలమూరు, నల్లగొండ ఎర్ర నేలల్లో ఎరుపంతా ఇనుముదే. సాఫ్ట్‌వేర్‌కు వదిలేస్తే ఆ మిట్టకు ఫ్లోరిన్ అని పేరు పెట్టే ప్రమాదం ఉంది. 6.40 దగ్గర ఇనుము పెద్దగా ఉంటే 0.70 దగ్గరిది కూడా దానిదే అని అనుమానించి, చేత్తో సరిచూడాల్సిన పని అది.

యురేనియం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే లంబాపూర్, పెద్దగట్టు దగ్గర నిక్షేపాలు ఉన్నాయి, 2019లో నల్లమలలో అన్వేషణ మీద పెద్ద ఆందోళన నడిచింది, ఆ మాట ఇక్కడ మనసుల్లో ఉంది. యురేనియం ఎక్స్‌రే శిఖరాలు 3.17, 3.34 దగ్గర వస్తాయి, పొటాషియంది 3.31. మన గ్రానైట్‌లో పొటాషియం ఉన్న ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం మెండుగా ఉంటుంది, గులాబీ రంగు గ్రానైట్‌కు ఆ రంగు తెచ్చేది ఎక్కువగా అదే. గ్రానైట్‌లో యురేనియం ఉన్నా మామూలుగా పది లక్షల భాగాల్లో కొన్ని భాగాలే, ఆ మోతాదు ఈ యంత్రానికి అందదు. పైగా ఈడీఎక్స్ రేడియోధార్మికతను కొలిచే పరికరమే కాదు.

సీసం, గంధకం జంట ల్యాబ్‌లలో అందరికీ తెలిసిన చిక్కు. గంధకం 2.31, సీసం 2.35. బొగ్గు పొగ ఉన్న చోట గంధకం ఉంటుంది, దాన్ని సీసం అని చదివితే ఊరంతా టెన్షన్. సీసానికి 10.55 దగ్గర ఇంకో శిఖరం ఉంది, 20 కిలోవోల్టులు, అంతకుమించి పెట్టి అక్కడ కూడా శిఖరం వస్తే అప్పుడు సీసం అని రాయొచ్చు. ఆ 10.55 పక్కనే 10.54 దగ్గర ఆర్సెనిక్ కూర్చుని ఉంటుంది, అది వేరే తలనొప్పి. ఇంత దగ్గరి శిఖరాలను చాలావరకు విడదీసే డబ్ల్యూడీఎస్ అనే పరికరం ఉంది, కాకపోతే నిదానంగా పనిచేస్తుంది, అన్ని ల్యాబ్‌లలో ఉండదు.

శాతాలన్నీ కలిపితే సరిగ్గా నూరు ఎందుకు వస్తుంది

రిపోర్టులో పక్కన వేసే శాతాలను కూడితే నూరు వస్తుంది, చూడ్డానికి చాలా కచ్చితంగా అనిపిస్తుంది. అలా రావడానికి కారణం సాఫ్ట్‌వేర్ వాటిని నూరుకు సర్దడమే.

ఒక లెక్క చూద్దాం. ఒక రేణువులో కార్బన్ 70, ఆక్సిజన్ 20, సిలికాన్ 6, కాల్షియం 4 శాతం ఉన్నాయనుకోండి, అంటే మసి ముద్దకు కొంచెం మట్టి అంటుకున్నట్టు. కార్బన్ ఫిల్టర్‌ది కూడా కావొచ్చని ఆపరేటర్ దాన్ని జాబితాలోంచి తీసేశాడు, అది చాలా చోట్ల చేసేదే. మిగిలిన 30ని నూరుకు సర్దితే ఆక్సిజన్ 66.7, సిలికాన్ 20, కాల్షియం 13.3 అవుతాయి. సిలికాన్ ఆరు నుంచి ఇరవైకి వెళ్లింది, రేణువు మాత్రం మారలేదు. చదివేవాళ్లకు ఇది మసి కాదు, రాతి పొడి అనిపిస్తుంది. అందుకే శాతాల పట్టిక కింద ఏ మూలకాలను లెక్కలోంచి తీసేశారో రాసి ఉందా లేదా అన్నది, శాతాలకన్నా ముందు చూడాల్సిన సంగతి.

ఇంకొకటి కూడా ఉంది. ఎక్స్‌రే లెక్కలను శాతాలుగా మార్చే సూత్రాలు చదునుగా, నున్నగా, మందంగా ఉన్న నమూనా కోసం తయారయ్యాయి. దుమ్ము రేణువు వంకరటింకర, సన్నం, ఒకవైపు వాలి ఉంటుంది. కాబట్టి దశాంశ స్థానాలతో వేసిన అంకెల్ని "ఎక్కువ, మధ్యస్తం, కొంచెం" అని చదువుకుంటే దగ్గరగా ఉంటుంది.

అల్యూమినియం గురించి ఒక మాట ఇక్కడే. ఆకాశంలోంచి ఏదో చల్లుతున్నారు, అందుకే దుమ్ములో అల్యూమినియం ఉంది అన్న మెసేజ్‌లు అప్పుడప్పుడు వస్తుంటాయి. భూమి పైపొరలో బరువు ప్రకారం ఆక్సిజన్ 46, సిలికాన్ 28, అల్యూమినియం 8, ఇనుము 5 శాతం దాకా ఉంటాయి. ఏ చెలక మట్టి తీసి పరీక్షించినా అల్యూమినియం వస్తుంది, రాకపోతేనే ఆశ్చర్యపడాలి.

"ఆర్సెనిక్ కనిపించలేదు" అన్న వాక్యం విలువ ఎంత

భయపెట్టే తప్పుల గురించే ఇప్పటిదాకా చెప్పాను. దీనికి ఎదురు దిక్కున, లేని ధైర్యం ఇచ్చే తప్పు ఒకటి ఉంది, నా దృష్టిలో అది ఎక్కువ ప్రమాదకరం.

ఈడీఎక్స్ మామూలుగా పట్టగలిగే కనీస మోతాదు 0.1 శాతం చుట్టూ ఉంటుంది. మన దేశంలో 2009 ప్రమాణాల ప్రకారం గాలిలో ఆర్సెనిక్ వార్షిక పరిమితి ఘనపు మీటరుకు 6 నానోగ్రాములు, పీఎం 10 వార్షిక పరిమితి 60 మైక్రోగ్రాములు. 60 మైక్రోగ్రాములంటే 60,000 నానోగ్రాములు. దుమ్ము, ఆర్సెనిక్ రెండూ సరిగ్గా పరిమితి దగ్గర ఉన్నాయనుకుంటే ఆరును అరవై వేలతో భాగించాలి, పదివేలలో ఒకటి, అంటే 0.01 శాతం. యంత్రం చూపు 0.1 దగ్గరే ఆగిపోతుంది. అంటే ఆర్సెనిక్ దుమ్మంతా సమానంగా పరుచుకుని ఉంటే, పరిమితికి ఐదు రెట్లు, ఎనిమిది రెట్లు ఉన్నా ఈ యంత్రంలో శిఖరం రాకపోవచ్చు, రిపోర్టులో "కనిపించలేదు" అనే రాస్తారు, అది అబద్ధం కూడా కాదు.

నికెల్ పరిమితి 20 నానోగ్రాములు, అదే లెక్కన 0.03 శాతం, అది కూడా అందదు. సీసం పరిమితి అర మైక్రోగ్రాము, అంటే 0.8 శాతం, అది అందుతుంది, గంధకంతో కలిసిపోకపోతే. మూడు లోహాలకు మూడు రకాల జవాబులు, కాబట్టి "భార లోహాలు లేవు" అని అన్నిటినీ కలిపి రాసిన వాక్యానికి ఈ పరీక్షలో ఆధారం ఉండదు.

దీనికి ఒక మినహాయింపు ఉంది, న్యాయంగా అదీ చెప్పాలి. ఆర్సెనిక్ గానీ సీసం గానీ సమానంగా పరుచుకోకుండా కొన్ని రేణువుల్లోనే గుట్టగా ఉంటే, ఆ రేణువు దొరికినప్పుడు ఈడీఎక్స్ దాన్ని స్పష్టంగా చూపిస్తుంది. దుమ్మంతా కరిగించి కొలిచే పద్ధతికి ఆ సంగతి తెలియదు. చిక్కు ఏమిటంటే ఆ రేణువు దొరకాలి.

తొంభై కోట్లలో వెయ్యి

ఎన్ని రేణువులు చూస్తే సరిపోతుంది? గంటకు ఒక ఘనపు మీటరు గాలి లాగే శాంప్లర్‌ను ఒక రోజు నడిపితే 24 ఘనపు మీటర్లు. గాలిలో పీఎం 2.5 ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు ఉంటే ఫిల్టర్ మీద 960 మైక్రోగ్రాములు, ఇంచుమించు ఒక మిల్లీగ్రాము చేరుతుంది. ఆ రేణువులన్నీ ఒక మైక్రాన్ సైజువి, నీటికన్నా రెండింతలు బరువైనవి అనుకుంటే ఆ మిల్లీగ్రాములో దాదాపు 90 కోట్ల రేణువులు ఉంటాయి. మనిషి కూర్చుని ఒక్కొక్కటీ చూస్తే వంద, రెండు వందలు చూస్తాడు. కంప్యూటర్‌తో దానంతట అదే నడిచే యంత్రమైతే కొన్ని వేలు చూస్తుంది. వెయ్యి చూశారనుకుందాం.

వెయ్యిలో సీసం రేణువు ఒక్కటి కూడా దొరకలేదు. అంటే సీసం లేదనా? గణాంకాల్లో దీనికి సులువైన సూత్రం ఉంది: ఏమీ దొరకనప్పుడు మూడు అనే అంకెను, చూసిన రేణువుల సంఖ్యతో భాగిస్తే, 95 శాతం నమ్మకంతో చెప్పగలిగే పై హద్దు వస్తుంది. మూడు బై వెయ్యి, 0.3 శాతం. తొంభై కోట్లలో 0.3 శాతం అంటే 27 లక్షలు. వెయ్యి రేణువులు శ్రద్ధగా చూసి ఒక్కటీ దొరకని ఫిల్టర్ మీద 27 లక్షల సీసం రేణువులు ఉండే అవకాశం ఇంకా మిగిలే ఉంటుంది. దొరికినా కూడా తడబాటు ఉంటుంది, వెయ్యిలో పది దొరికితే నిజమైన సంఖ్య వెయ్యికి ఐదు నుంచి పద్దెనిమిది మధ్య ఎక్కడైనా ఉండొచ్చు.

పైగా లెక్క పెట్టడం వేరు, తూచడం వేరు. పది మైక్రాన్ల రేణువు ఒక్కటి, ఒక మైక్రాన్ రేణువులు వెయ్యింటి బరువు ఉంటుంది. ఒక చోట 999 చిన్న మసి రేణువులు, ఒక్క పెద్ద మట్టి రేణువు ఉన్నాయనుకోండి, రెండింటి సాంద్రత ఒకటే అనుకుంటే, సంఖ్య ప్రకారం మట్టి 0.1 శాతం, బరువు ప్రకారం సగం. "మట్టే ఎక్కువ", "మసే ఎక్కువ" అని కొట్లాడుకునే ఇద్దరి దగ్గరా ఇదే ఫిల్టర్ లెక్క ఉండొచ్చు. మన ప్రమాణాలు బరువు మీద ఉన్నాయి, సూక్ష్మదర్శిని ఇచ్చేది సంఖ్య. ఇక 0.1 మైక్రాన్ కన్నా చిన్నవి, డీజిల్ పొగలో సంఖ్య ప్రకారం ఎక్కువగా ఉండేవి, వాటి రసాయనం ఈ ఈడీఎక్స్‌కు దాదాపు అందదు, పుంజం వాటిని దాటి ఫిల్టర్‌నే చదువుతుంది.

ఆకు మీద తుడిచిన పొడికి ఇంకో పరిమితి. పది మైక్రాన్ల రేణువు ఒక మైక్రాన్ రేణువుకన్నా దాదాపు వంద రెట్లు వేగంగా కిందికి దిగుతుంది. కాబట్టి ఆకు మీద, రేకుల మీద పేరుకునేది ఎక్కువగా పెద్ద రేణువులే. ఆ పొడిని ఎంత బాగా పరీక్షించినా అది పంట మీద పడ్డదాని గురించి చెప్తుంది, ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన పీఎం 2.5 గురించి చాలా తక్కువ చెప్తుంది. రైతుకు కావాల్సింది మొదటిదే అయితే ఆకు పొడి సరైన నమూనాయే.

యంత్రంలో పెట్టగానే మాయమయ్యేవి

ఎస్‌ఈఎం లోపల గాలి తీసేస్తారు. అమ్మోనియం నైట్రేట్ లాంటివి, త్వరగా ఆవిరయ్యే సేంద్రియ పదార్థాలు, రేణువు మీది నీటి పొర, ఇవన్నీ ఆ శూన్యంలో చాలావరకు ఎగిరిపోతాయి, అమ్మోనియం సల్ఫేట్ ఎలక్ట్రాన్ పుంజం కింద కరిగి కాలిపోతుంది. హైడ్రోజన్‌ను ఈడీఎక్స్ అసలు చూడలేదు. వరి కొయ్యకాళ్లు తగలబెట్టిన పొగ, ప్లాస్టిక్ కాల్చిన పొగ, డీజిల్ మసి, మూడూ దానికి ప్రధానంగా కార్బనే. కొయ్యకాళ్ల పొగలో పొటాషియం కనిపించొచ్చు, ఫెల్డ్‌స్పార్‌లో కూడా పొటాషియమే అని ఇందాకే అనుకున్నాం. బెంజోపైరీన్ లాంటి క్యాన్సర్ కారకాలకు మన ప్రమాణాల్లో పరిమితి ఉంది, వాటిని కొలవాలంటే గ్యాస్ క్రొమటోగ్రఫీ లాంటి వేరే పరీక్షలే దిక్కు.

శాస్త్రవేత్తల్లోనే రెండు మాటలు

ఇన్ని లోపాలున్నప్పుడు ఈ పరీక్ష ఎందుకు అనేవాళ్లు శాస్త్రవేత్తల్లోనే ఉన్నారు. వాళ్ల వాదన ఇది: ఫిల్టర్ మొత్తాన్ని ఆమ్లంలో కరిగించి, అతి తక్కువ మోతాదు లోహాలను కూడా కొలిచే ఐసీపీ-ఎంఎస్ యంత్రంలో పెడితే ఆర్సెనిక్, నికెల్ నానోగ్రాముల్లో వస్తాయి, 90 కోట్ల రేణువులూ లెక్కలోకి వస్తాయి, ప్రమాణంతో నేరుగా పోల్చొచ్చు, కోర్టులో నిలబడుతుంది. వెయ్యి రేణువుల బొమ్మలు చూపించి జిల్లా గాలి గురించి మాట్లాడటం కన్నా ఇదే మేలు.

రెండో వైపు వాళ్లు కరిగించడమే నష్టం అంటారు. కలిపి కరిగించాక సీసం ఏ రేణువులో ఉంది, మసి లోపల ఉందా మట్టికి అంటుకుని ఉందా, గుండ్రటి రేణువులో ఉందా పగిలిన దానిలో ఉందా అన్నది శాశ్వతంగా పోతుంది. శరీరంలో ఎంత కరుగుతుంది, ఎక్కడి నుంచి వచ్చింది అన్న రెండు ప్రశ్నలకూ ఆ సమాచారమే కీలకం. మొత్తం ఎంత ఉందో తెలిసి, ఎవరిదో తెలియకపోతే ఏం చేస్తాం అని వాళ్ల ప్రశ్న.

రెండూ నిజమే అనిపిస్తుంది నాకు, ఎందుకంటే రెండు పరీక్షలు రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. పరిమితి దాటిందా లేదా అన్నది కరిగించే పరీక్ష పని. ఈ గాలిలో ఫలానా రకం రేణువు ఉంది అని చూపించడం సూక్ష్మదర్శిని పని, ఆ పని అది చాలా బలంగా చేస్తుంది. దామరచర్ల దగ్గర ఒక ఊరి గాలిలో గుండ్రటి బూడిద రేణువులు పదే పదే దొరికితే "ఇక్కడ బొగ్గు బూడిద లేనే లేదు" అన్న మాటకు అక్కడితో కాలం చెల్లినట్టే. అదే రేణువులు దొరకకపోతే "లేదు" అని మాత్రం రాయలేం, ఎన్ని చూశారు, గాలి ఆ రోజు ఎటు వీచింది అని అడగాలి. ఉంది అన్నప్పుడు దాని మాటకు ఉన్న బరువు, లేదు అన్నప్పుడు ఉండదు.

ఎవరిదో తేల్చాలంటే ముందు ఎవరి దుమ్ము ఎలా ఉంటుందో తెలియాలి

మూలాన్ని పంచి లెక్కకట్టే పద్ధతులు ఉన్నాయి. ఒక్కో మూలానికి రసాయన వేలిముద్ర లాంటి జాబితా ముందే తయారు చేసుకుని, గాలి నమూనాలో ఆ వేలిముద్రలు ఏ పాళ్లలో కలిస్తే సరిపోతుందో గణితంతో వెతుకుతారు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఢిల్లీ, ముంబై, చెన్నై, బెంగళూరు, పుణె, కాన్పూర్ నగరాల్లో ఇలాంటి పెద్ద అధ్యయనం చేయించింది.

చిక్కు పోలికల్లో ఉంది. సున్నపురాయి గని, దాన్ని పగలగొట్టే క్రషర్, సిమెంటు కిల్న్, కొత్త ఇళ్ల కట్టుబడి, సున్నపురాయి లారీలు నడిచే మట్టి రోడ్డు, అన్నీ కాల్షియమే. మేళ్లచెరువు, మఠంపల్లి వైపు ఇవన్నీ పక్కపక్కనే ఉన్నాయి. వేలిముద్రలు ఇంత దగ్గరగా ఉంటే గణితం వాటిని విడదీయలేదు, ఒకదాని వాటా ఇంకొకదానికి అంటగడుతుంది, అంకె మాత్రం దశాంశంతో సహా వస్తుంది. అందుకే పెద్ద నగరం కోసం తయారైన వేలిముద్రను తెచ్చి ఇక్కడ వాడితే పొరపాటు పెరుగుతుంది, నగరం జాబితాలో వడ్ల మిల్లు ఊక బాయిలర్‌కు చోటు ఉండాలని ఏముంది?

స్థానిక వేలిముద్ర అంటే మరీ పెద్ద విషయం కాదు. మిల్లు చిమ్నీ బూడిద, క్రషర్ కింద పొడి, కిల్న్ దుమ్ము, పవర్ ప్లాంటు ఫ్లై యాష్, రోడ్డు దుబ్బ, పక్క చెలక మట్టి, ఒక్కోటి విడిగా తీసి అదే యంత్రంలో, అదే వోల్టేజీలో, అదే రకం ఫిల్టర్ మీద పరీక్షించి పక్కన పెట్టుకోవాలి. దాంతో పాటు ఒక ఖాళీ ఫిల్టర్‌ను కూడా. టెఫ్లాన్ ఫ్లోరిన్, గాజు పీచు ఫిల్టర్‌లోని సిలికాన్ ఆ ఖాళీ ఫిల్టర్‌లోనే బయటపడతాయి. ఊరి గాలి నమూనా ఎండాకాలంలో ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి, వరి కోతల్లో మిల్లులు జోరుగా నడిచేటప్పుడు ఒకసారి తీసి వీటితో పోల్చితే, కాల్షియం రేణువుల్లో సిలికాన్ కలిసినవి ఎన్ని, గంధకం కలిసినవి ఎన్ని, ఒట్టి కాల్షియంవి ఎన్ని, ఏ గాలికి ఏవి పెరుగుతున్నాయి అన్నది కనబడటం మొదలవుతుంది. అప్పటికీ గని దుమ్ము, క్రషర్ దుమ్ము మాత్రం విడిపోవు, రెండూ ఒకే రాయి కాబట్టి. వాటి మధ్య తేల్చాల్సి వస్తే యంత్రాన్ని పక్కనబెట్టి, ఏది ఏ వేళల్లో నడిచింది, ఆ వేళ గాలి ఎటు వీచింది అన్న రికార్డు చూడాలి.